మాట వినాలా, మనస్సాక్షి ఎదగాలా, సొంత నిర్ణయం చేతకావాలా? పిల్లల పెంపకంలో ఐదు పద్ధతుల పోలిక

పిల్లలు మాట వినడం లేదని నలుగురిలో అన్న తల్లికో తండ్రికో సలహాలకు కొదవ ఉండదు. కాకపోతే ఆ సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. రెండు తగిలిస్తే దారికి వస్తారని ఒకరంటే, ఏదైనా కొనిపెడతానని ఆశచూపి చేయించుకోమని మరొకరంటారు. కొన్నాళ్లు మాట్లాడడం మానేస్తే వాళ్లే కాళ్లబేరానికి వస్తారని ఒకరు, వయసు వస్తే అదే తెలుస్తుంది వదిలేయమని ఇంకొకరు, కూర్చోబెట్టి నచ్చజెప్పమని వేరొకరు చెబుతారు. ఈ ఐదూ కొత్తవేమీ కావు. రాజనీతిలోని సామ, దాన, భేద, దండోపాయాలకు ఉపేక్షను కూడా చేరిస్తే, ఇంట్లో పిల్లలమీద పెద్దలు ప్రయోగించే సాధనాల జాబితా దాదాపు పూర్తవుతుంది. శత్రురాజుల కోసం పుట్టిన ఉపాయాలను కన్నబిడ్డల విషయంలో గుర్తుచేసుకోవడం కొంత ఎబ్బెట్టుగానే ఉన్నా, అందరికీ తెలిసిన పేర్లు కాబట్టి ఈ వ్యాసంలో వాటినే వాడుకుంటాను.

## ముందుగా తేల్చుకోవలసింది: ఏ ఫలితం కావాలి?

విధేయత, నీతి, వివేకంతో కూడిన నిర్ణయం అనే మూడింటినీ మంచి పెంపకం అన్న ఒకే మూటలో కట్టేయడం వల్లనే ఎంపిక కష్టమవుతోంది. ఇవి మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డుపడతాయి కూడా. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, పక్క గదిలోని మనిషికి విద్యుత్ షాక్ ఇస్తున్నామని నమ్మిన 40 మందిలో 26 మంది, ప్రయోగం నడిపే వ్యక్తి కొనసాగించమన్నాడన్న కారణంతో 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారు. నిజానికి షాక్ ఎవరికీ తగలలేదు, కానీ ఆ సంగతి వాళ్లకు తెలియదు. వాళ్లలో చాలామంది మధ్యలో ఆగి అభ్యంతరం చెప్పారు, చెమటలు పట్టి వణికారు, అయినా ఆపలేకపోయారు. పెద్దల మాట జవదాటని గుణం ఒక్కటే మనిషిని నీతిమంతుణ్ణి చేయదనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనబడదు.

విధేయతలోనూ రెండు రకాలున్నాయి. గ్రజీనా కొచాన్స్కా అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి చిన్నపిల్లల మీద జరిపిన పరిశీలనల్లో, అందంగా అమర్చిన బొమ్మలను ముట్టుకోవద్దని తల్లి చేత చెప్పించి, ఆ తరువాత పిల్లలను ఆ గదిలో ఒంటరిగా వదిలి చూసేవారు. తల్లి పక్కనుండి మళ్లీ మళ్లీ గుర్తుచేస్తేనే ఆగే పిల్లలు కొందరు. ఆ నియమం తమదే అన్నట్టు ఒప్పుకుని ఆగే పిల్లలు మరికొందరు. తల్లి ఎదురుగా ఉన్నంతసేపూ ఈ ఇద్దరికీ పెద్ద తేడా కనిపించదు. ఆమె గది దాటగానే కనిపిస్తుంది. ఏ పద్ధతిని ఎంచుకోవాలా అని ఆలోచించే వారు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: నేను లేనప్పుడు కూడా నిలిచే విధేయత కావాలా, నేను ఉన్నప్పుడు కనిపించేది చాలా?

కాబట్టి ఐదు కొలమానాలు పెట్టుకుందాం. ఒకటి, ఈ క్షణంలో మాట వినడం. రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాడి విషయంలో ఇది తప్ప మిగతావేవీ లెక్కలోకి రావు. రెండు, చూసేవారు లేనప్పుడు కూడా నిలిచే మనస్సాక్షి. మూడు, కొత్త పరిస్థితిలో తనంతట తాను నిర్ణయం తీసుకోగలగడం. నాలుగు, తప్పు జరిగినప్పుడు వచ్చి మీకే చెప్పుకునేంత చనువు మిగలడం. ఐదు, తల్లిదండ్రుల మీద పడే భారం, అంటే సమయం, ఓపిక. ఈ ఐదోదాన్ని సలహాలిచ్చేవారు తరచుగా వదిలేస్తారు. రోజంతా పనిచేసి అలసి వచ్చిన మనిషికి సాయంత్రం పూట అన్నిటికంటే పెద్ద కొలమానం అదే.

## దండం: ఆజ్ఞ, బెదిరింపు, దెబ్బ

మొదటి కొలమానంలో దీనికి మంచి మార్కులే పడతాయి. గట్టిగా అరిస్తే పిల్లవాడు ఆ క్షణానికి ఆగుతాడు, అందుకే ఈ పద్ధతి ఇన్ని తరాలు నిలిచింది. చిక్కంతా మిగిలిన కొలమానాల దగ్గర వస్తుంది.

ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో ప్రచురించిన విశ్లేషణ, ఐదు దశాబ్దాల పరిశోధనలలోని లక్షా 60 వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూసింది. దెబ్బలు తినడానికి, పెరిగిన దూకుడు, తల్లిదండ్రులతో దెబ్బతిన్న సంబంధం, బలహీనమైన నైతిక అంతర్గతీకరణ (అంటే నీతి నియమాన్ని తమదిగా చేసుకోవడం) వంటి హానికర ఫలితాలకు మధ్య సంబంధం కనిపించింది. పరిశీలించిన 17 అంశాల్లో 13 అలా తేలాయి. ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. మొండి పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు కదా, కారణం ఏది, ఫలితం ఏది? తల్లిదండ్రులు పిల్లలను మలచినట్టే పిల్లలూ తల్లిదండ్రులను మలుస్తారని రిచర్డ్ బెల్ 1968లోనే వాదించాడు, అది నిజం కూడా. అయితే పిల్లల తొలి ప్రవర్తనను లెక్కలోకి తీసుకుని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో సైతం దెబ్బలు దూకుడును తగ్గించినట్టు కనిపించదు. కొట్టడాన్ని సమర్థించేవారు చూపవలసింది ఆ తగ్గుదలనే.

దండన నేర్పే రెండో విద్య అబద్ధం. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పశ్చిమాఫ్రికాలోని రెండు బడుల పిల్లలను పోల్చారు. ఒకదానిలో కఠిన శారీరక దండన ఉండేది, రెండోదానిలో లేదు. దాచిన బొమ్మను తొంగిచూడవద్దని చెప్పి, తరువాత చూశావా అని అడిగితే, దండన ఉన్న బడి పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, పైగా ఆ అబద్ధాన్ని దొరకకుండా మరింత నేర్పుగా నిలబెట్టుకున్నారు. భయంలో పెరిగినవారు తప్పు చేయకుండా ఉండడం కంటే తప్పు కనబడకుండా చూసుకోవడం త్వరగా నేర్చుకుంటారు.

ఇంట్లో శారీరక దండనను చట్టంతో నిషేధించిన మొదటి దేశం స్వీడన్. అది 1979లో జరిగింది. ఆ తరువాత అనేక దేశాలు అదే బాట పట్టాయి. నా అభిప్రాయంలో, కొట్టడాన్ని జాబితాలోంచి పూర్తిగా తీసేయవచ్చు. కఠినమైన ఆజ్ఞ మాత్రం అలా కాదు. మంట, నీళ్లు, వాహనాల వంటి ప్రాణాపాయ సందర్భాల కోసం దానిని దాచి ఉంచుకోవాలి, రోజుకు ఇరవైసార్లు వాడితే అవసరమైన వేళ అది పనిచేయదు.

## దానం: బహుమతి, ఆశ

దండనతో విసిగినవారు సాధారణంగా ఇటు మళ్లుతారు. కేకలు లేవు, కన్నీళ్లు లేవు, పని అయిపోతుంది. దీనికీ ఒక ధర ఉంది. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు, రెండో జట్టుకు చెప్పకుండా ఇచ్చారు, మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ముందే ఆశపెట్టిన జట్టు తమంతట తాము బొమ్మలు వేసిన సమయం మిగతా జట్లతో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. అనుకోకుండా బహుమతి అందుకున్న జట్టుకు అలాంటి నష్టం లేదు.

దీనిని బట్టి బహుమతులు చెడ్డవని తీర్మానించడం తొందరపాటే. పిల్లలకు అసలే ఇష్టంలేని, ఆలోచన అక్కరలేని అలవాట్లకు, అంటే పళ్లు తోముకోవడం, సామాను సర్దుకోవడం వంటివాటికి, మొదటి కొన్ని వారాలు చిన్న ప్రోత్సాహం ఇచ్చి క్రమంగా తగ్గించడం బాగానే పనిచేస్తుంది. కానీ నిజం చెప్పినందుకో, తమ్ముడికి సాయం చేసినందుకో వెల కట్టడం మొదలుపెడితే, నాకేం వస్తుందన్న ప్రశ్న నీతి స్థానాన్ని ఆక్రమిస్తుంది. పేచీ పెడుతున్న పిల్లవాడిని ఊరుకోబెట్టడానికి ఇచ్చేది బహుమతి కూడా కాదు, పేచీకి చెల్లించే జీతం.

## భేదం: అలక, మౌనం, ప్రేమకు షరతు

చేయి చేసుకోని, గొంతు పెంచని మంచి ఇళ్లలో సైతం ఇది కనిపిస్తుంది, అందుకే ఎవరికీ తప్పుగా తోచదు. "ఇలా చేస్తే నువ్వు నాకు అక్కర్లేదు" అనడం, రోజుల తరబడి ముభావంగా ఉండడం, మంచి మార్కులు వచ్చిననాడు మాత్రమే దగ్గరికి తీసుకోవడం ఈ కోవలోకి వస్తాయి. పైకి ఫలితం అద్భుతంగా ఉంటుంది. పిల్లలు చెప్పినట్టు వింటారు, చదువుతారు, అందరూ మెచ్చుకుంటారు.

లోపల జరిగేది వేరు. ఆవి అసోర్, గై రోత్, ఎడ్వర్డ్ డెసీ 2004లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రుల ప్రేమ తమ ప్రవర్తన మీద ఆధారపడి ఉండేదని చెప్పిన కళాశాల విద్యార్థులు, వారు కోరినట్టే నడుచుకున్నా, అది తమ ఇష్టంతో కాక లోపలి ఒత్తిడితో చేశారని, సఫలమైనా ఆ సంతృప్తి ఎంతోసేపు నిలవలేదని, తల్లిదండ్రుల మీద అక్కసు పెంచుకున్నారని తేలింది. సొంత ఎంపిక అనే మూడో కొలమానంలో ఈ పద్ధతి దండన కంటే హీనమని నేను భావిస్తాను. దెబ్బ తిన్న పిల్లవాడికి తనకూ తండ్రి కోరికకూ మధ్య గీత కనిపిస్తుంది, ఎదురు తిరగడానికైనా చోటుంటుంది. షరతుల ప్రేమలో పెరిగిన పిల్లకు ఏది తన కోరికో, ఏది తల్లి కోరికో విడదీసుకోవడమే కష్టమవుతుంది.

కోపం వచ్చినప్పుడు పది నిమిషాలు పక్కకు వెళ్లడం ఇందులోకి రాదు. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడదాం" అని చెప్పి వెళ్లి, చెప్పినట్టే తిరిగి రావడం ప్రేమను ఉపసంహరించుకోవడం కాదు.

## ఉపేక్ష: వదిలేయడం

ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ప్రేమ దండిగా ఉండి హద్దులు లేకపోవడం గారాబం, ప్రేమా హద్దులూ రెండూ లేకపోవడం నిర్లక్ష్యం. ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ 1983లో పెంపకాన్ని ఆప్యాయత, అదుపు అనే రెండు అక్షాల మీద పెట్టి చూసినప్పుడు ఈ తేడా స్పష్టమైంది. ఆ రెండు అక్షాల ఎక్కువ తక్కువలతో ఏర్పడే నాలుగు రకాల పెంపకాల్లోనూ అన్ని విధాలా నష్టపోయేది నిర్లక్ష్యంలో పెరిగిన పిల్లలే. గారాబంలో పెరిగినవారికి ఆత్మవిశ్వాసం తక్కువేమీ ఉండదు, తమను తాము నిలవరించుకోవడమే కష్టం. స్వేచ్ఛ ఇస్తే నిర్ణయశక్తి దానంతట అదే వస్తుందన్న వాదనలో ఒక లోపముంది. నిర్ణయం తీసుకోవడమంటే కొన్నిటిని వదులుకోవడం, దేనికీ కాదన్న మాట వినని పిల్లలకు ఆ వదులుకునే అభ్యాసం దొరకదు.

## సామం: హద్దు నిలిపి కారణం చెప్పడం

సామం అంటే మెత్తగా ఉండడమని చాలామంది పొరబడతారు. డయానా బామ్‌రిండ్ 1960లలో బర్క్‌లీలో బాలబడి వయసు పిల్లలను, వారి కుటుంబాలను పరిశీలించి వర్గీకరించినప్పుడు, మెరుగైన ఫలితాలు కనిపించిన తల్లిదండ్రులు మెత్తనివారు కారు. వాళ్లు గట్టిగానే అడిగేవారు, నియమాన్ని అమలు చేసేవారు. తేడా ఏమిటంటే కారణం చెప్పేవారు, పిల్లల అభ్యంతరం వినేవారు, న్యాయంగా ఉంటే మార్చుకునేవారు. నచ్చజెప్పడం అంటే పిల్లవాడు ఒప్పుకునేదాకా బతిమాలడమని భావించేవారు చేస్తున్నది నిజానికి ఉపేక్షే, కాకపోతే మాటలు ఎక్కువ.

ఏ కారణం చెప్పాలన్నది మార్టిన్ హాఫ్‌మన్ పని వల్ల బాగా తెలిసింది. ఆయన, హెర్బర్ట్ సాల్ట్‌జ్‌స్టైన్ 1967లో తల్లిదండ్రుల తీరును మూడుగా విడదీసి చూశారు: బలప్రయోగం, ప్రేమ ఉపసంహరణ, చేసిన పని ఎదుటివారికి ఏం చేసిందో చూపడం. పిల్లల నైతిక ఎదుగుదలతో ఎక్కువగా ముడిపడినది మూడోది. "నెట్టకు, తప్పు" అనడానికీ, "నువ్వు నెట్టినందుకు వాడు పడి ఏడుస్తున్నాడు, మోకాలు చూడు" అనడానికీ ఉన్న తేడా అదే. మొదటి మాట పిల్లవాడి దృష్టిని మీ కోపం మీదికి తిప్పుతుంది, రెండోది దెబ్బతగిలిన వాడి మీదికి.

దీని లోపాలు కూడా చెప్పాలి. మొదటి కొలమానంలో ఇది నెమ్మది. రెండేళ్ల పిల్లకు పొడవాటి వివరణ ఎక్కదు. ఆ వయసులో ఒక్క వాక్యం, ఆ వెంటనే ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లడం కలిస్తేనే సామం అవుతుంది. ఐదో కొలమానంలో ఇది అన్నిటికంటే ఖరీదైనది, ముఖ్యంగా మొదటి ఏళ్లలో. వాదించడం నేర్చిన పిల్లలు మీతోనూ వాదిస్తారు, కొన్నిసార్లు గెలుస్తారు. అది భరించలేని వారికి ఈ పద్ధతి సరిపడదు. కారణాలు అబద్ధాలైతే ఫలితం మరీ ఘోరంగా ఉంటుంది. పోలీసులు పట్టుకెళ్తారని చెప్పే వివరణ సామం కాదు, మారువేషంలో వచ్చిన దండం.

## ఒక్కచోట చూస్తే

| పద్ధతి | ఈ క్షణపు విధేయత | చూసేవారు లేనప్పుడు | సొంత నిర్ణయం | తప్పు చెప్పుకునే చనువు | పెద్దల భారం |
|---|---|---|---|---|---|
| దండం | ఎక్కువ | తక్కువ | తక్కువ | చాలా తక్కువ | మొదట తక్కువ, పోనుపోను ఎక్కువ |
| దానం | ఎక్కువ, బహుమతి ఉన్నంతకాలం | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ |
| భేదం | ఎక్కువ | పైకి ఎక్కువ, భయంతో | చాలా తక్కువ | తక్కువ | తక్కువ |
| ఉపేక్ష | తక్కువ | తక్కువ | పైకి ఎక్కువ, నిలకడ తక్కువ | గారాబంలో ఎక్కువ, నిర్లక్ష్యంలో లేదు | మొదట తక్కువ |
| సామం | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | మొదట చాలా ఎక్కువ, పోనుపోను తక్కువ |

ఈ పట్టిక సగటు ధోరణులను నా అంచనాతో కలిపి చెప్పేదే. ఏ ఒక్క బిడ్డ జాతకమూ ఇందులో లేదు. పెంపకం ఎంత బాగున్నా స్వభావం, తోబుట్టువులు, స్నేహితులు, బడి తమ వంతు తాము చేస్తూనే ఉంటాయి.

## విషయాన్ని బట్టి పద్ధతి

పట్టిక చూసి ఒకే పద్ధతిని అన్నిటికీ వాడాలనుకోవడం పొరపాటు. ఇలియట్ టురియెల్, జుడిత్ స్మెటానా వంటివారి పరిశోధనలు, మూడు నాలుగేళ్ల పిల్లలే కొట్టడం వంటి తప్పునూ, బట్టల పద్ధతి వంటి కట్టుబాటునూ వేర్వేరుగా చూస్తారని చూపాయి. టీచరు ఒప్పుకుంటే కట్టుబాటును మార్చవచ్చునంటారు, కొట్టడం మాత్రం టీచరు ఒప్పుకున్నా తప్పేనంటారు. పిల్లలు గీసుకున్న ఈ గీతను పెద్దలు చెరిపేస్తేనే తగువులు మొదలవుతాయి. అన్నిటికీ ఒకే గొంతుతో అరిచే ఇంట్లో, దొంగతనమూ దువ్వుకోని జుట్టూ ఒకే స్థాయి నేరాలవుతాయి.

నా సలహా ఇది. ప్రాణాపాయంలో ఆజ్ఞ చెప్పండి, వివరణ తరువాత. ఇతరులకు హాని కలిగే విషయాల్లో హద్దు కదలకూడదు, కానీ ప్రతిసారీ కారణం చెప్పాలి. ఇంటి కట్టుబాట్లలో బేరానికి చోటివ్వండి. ఇక జుట్టు, స్నేహితులు, ఆట, ఇష్టమైన పుస్తకం వంటి వ్యక్తిగత విషయాల్లో చిన్నప్పటి నుంచే నిర్ణయం వాళ్లకు వదలండి, అది తప్పు నిర్ణయమని మీకు తోచినా సరే. పదేళ్లలోపు చిన్న తప్పులు చేయనివ్వని పిల్లలు పద్దెనిమిదేళ్లకు పెద్ద నిర్ణయం దగ్గర తడబడితే ఆశ్చర్యం దేనికి?

## మీ పరిస్థితిని బట్టి

బెదురు స్వభావపు పిల్లలున్నవారికి. కొచాన్స్కా పరిశీలనల్లో, భయస్తులైన చిన్నారుల మనస్సాక్షి సౌమ్యమైన క్రమశిక్షణతో బాగా ఎదిగింది. గద్దింపు వీళ్లలో ఎంత కలవరం రేపుతుందంటే, ఏం చెప్పారో వినబడదు, అరిచారన్నదే గుర్తుంటుంది.

జంకు లేని పిల్లలున్నవారికి. వీరి విషయంలో దండన పెంచాలన్న కోరిక సహజం, అదే పెద్ద ఉచ్చు. అవే పరిశీలనల్లో వీరికి సౌమ్యమైన క్రమశిక్షణ కూడా ఒక్కటే చాలలేదు. తల్లితో ఉన్న గట్టి అనుబంధం, పరస్పర స్పందన పనిచేశాయి. భయం ఎక్కని చోట దగ్గరితనమే పట్టు. కలిసి ఆడే సమయాన్ని శిక్షగా కోసేయడం ఈ పిల్లల దగ్గర మీకున్న ఒకే ఆధారాన్ని తెంచుకోవడమవుతుంది.

సమయం లేనివారికి. అన్ని నియమాలనూ సామంతో నిలబెట్టలేరు కాబట్టి నియమాలనే తగ్గించండి. నిలబెట్టగలిగిన నాలుగు నియమాలు, పూటకోసారి మారే ఇరవై నియమాల కంటే మేలు. జెరాల్డ్ ప్యాటర్సన్ వర్ణించిన ఒత్తిడి వలయం ఇక్కడే పుడుతుంది: పెద్దలు వద్దంటారు, పిల్లవాడు పేచీ పెంచుతాడు, పెద్దలు అలసి ఒప్పుకుంటారు, తరువాతిసారి పేచీ అక్కడి నుంచే మొదలవుతుంది. కాదనే ఓపిక లేని రోజున మొదటే ఔననండి.

తల్లిదండ్రులిద్దరి మాట కుదరనప్పుడు. ఇద్దరూ ఒకేలా ఉండనక్కరలేదు. ఒకరు గట్టిగా, ఒకరు సరదాగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. ఒకరు పెట్టిన హద్దును మరొకరు పిల్లల ఎదుటే చెరిపేయడం మాత్రం కుదరదు. ఆ తగువు పిల్లలు లేనప్పుడు తీర్చుకోవాలి.

కౌమారంలో ఉన్న పిల్లలున్నవారికి. ఫోను చూడడం, జేబులు వెతకడం నిఘా అనిపించుకుంటుంది కానీ సమాచారం తేదు. హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో, పిల్లలు ఏం చేస్తున్నారో తల్లిదండ్రులకు తెలియడానికి ప్రధాన మార్గం ప్రశ్నలూ ఆంక్షలూ కావు, పిల్లలు తమంతట తాము చెప్పడమే. ఈ వయసులో నాలుగో కొలమానం మిగతా నాలుగింటినీ మింగేస్తుంది. రాత్రివేళ ఇబ్బందిలో పడ్డ పదహారేళ్ల అమ్మాయి మొదట ఎవరికి ఫోన్ చేస్తుందన్నదాన్ని బట్టి మీ పద్ధతిని బేరీజు వేసుకోండి.

## ఇప్పటికే వేరే దారిలో ఉన్నవారు మారాలంటే

దండం నుంచి సామానికి మారినవారు మొదట చూసేది మెరుగుదల కాదు. భయం తీసేసిన చోట కారణం ఇంకా వేళ్లూనలేదు కాబట్టి, కొన్నాళ్లు పిల్లలు మరింత మొండిగా కనిపిస్తారు, కొత్త హద్దు నిజమా కాదా అని పదేపదే తట్టి చూస్తారు. చాలామంది సరిగ్గా ఈ దశలోనే ఇది పనిచేయలేదని పాత పద్ధతికి తిరిగిపోతారు, దాంతో హద్దును ఇంకొంచెం గట్టిగా తట్టాలని పిల్లలకు నేర్పినవారవుతారు. అన్నిటినీ ఒకేసారి మార్చకుండా ఒక్క విషయం తీసుకోండి. నిద్రవేళో, తోబుట్టువుల కొట్లాటో ఏదైనా సరే. ఇకమీదట ఏం జరుగుతుందో, ఎందుకో, ఇంట్లో అందరూ ప్రశాంతంగా ఉన్న పూట ముందే చెప్పండి. చెప్పిన పర్యవసానం చిన్నదిగా, ఆ తప్పుకు సంబంధించినదిగా, మీరు ప్రతిసారీ అమలు చేయగలిగేదిగా ఉండాలి. మధ్యలో మీరే గొంతు పెంచిన రోజున, ఆ సాయంత్రం లోపు క్షమాపణ చెప్పి, హద్దును మాత్రం అలాగే ఉంచండి.